ఎర్ర మెత్త

మార్చి 3, ఆదివారం

కుట్టుగదిలోనే పడుకుంటున్నాను. ఆర్లిస్ గురక భరించలేక. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఆ గురక ఇప్పుడే కొత్తగా వినపడిందా అని అడిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి ధైర్యంగా రాసుకుంటున్నాను: గురకే కారణం.

మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చాక నాన్న తుపాకి బయటికి తీశాను. పన్నెండు బోరు. నూనె పెట్టి తుడిచాను. నిరుడు దాన్ని ముట్టుకోలేదు. వసంతపు టర్కీ కోళ్ళ వేట మొదలవడానికి వారం ముందు డాక్టరు గడ్డ అన్నాడు. ఆ తర్వాత ఏడాదంతా వేట నాది కాదు, ఆసుపత్రిది. కుడి రొమ్ము తీసేశారు. మందులు ఎక్కించారు. జుట్టు రాలింది, మళ్ళీ వచ్చింది, కాకపోతే ఉంగరాలు తిరిగి వచ్చింది. ఈ వయసులో అదొక సోకు.

ఈ ఏడు సీజన్ ఏప్రిల్ 15న మొదలు. ఆ తెల్లవారుజామున నేను అడవిలో ఉండాలి. పదకొండేళ్ళ పిల్లగా నాన్న వెంట వెళ్ళినప్పటి నుంచి నిరుడు తప్ప ఒక్క వసంతమూ మానలేదు. రెండో ఏడు కూడా మానితే ఇక వెళ్ళను. నా సంగతి నాకు తెలుసు. తుపాకి అమ్మేస్తాను, అడవిని నేను తోలే బడి బస్సు కిటికీలోంచి చూసుకుంటూ బతుకుతాను, ఏం, బాగానే ఉన్నాను అంటాను అందరితో.

కుడి భుజానికి ఆనించి చూశాను. తుపాకి మడమ సరిగ్గా మచ్చ అంచు మీద కూర్చుంది. తీసి లోపల పెట్టేశాను.

మార్చి 5, మంగళవారం

ఆసుపత్రిలో రక్తం తీసే నర్సు ట్రూడీని అడిగాను. ఆమె కూడా వేటకు వెళ్ళే మనిషే కాబట్టి వెర్రిదాన్ని చూసినట్టు చూడలేదు. ఎడమ భుజం నుంచి కాల్చడం నేర్చుకుంటే ఎలా ఉంటుందన్నాను. ఎడమ వైపు కాలర్ ఎముక కింద మందు ఎక్కించే బిళ్ళ ఇంకా చర్మంలోనే ఉంది, ఎండాకాలం దాకా తీయరు, పేల్చినప్పుడు తుపాకి వెనక్కి దాని మీద తన్నితే అంతే సంగతులంది. కుడి వైపు గాయం మానింది గనక మెల్లగా తన్నే తుపాకి అయితే ఫర్వాలేదట. డాక్టర్ని అడిగి మరీ వచ్చి చెప్పింది.

"మెల్లగా తన్నేది, వెల్డా గారూ. మీ నాన్నగారిది కాదు," అంది వెళ్ళబోతుంటే.

దానికి నాన్న తుపాకి సంగతి ఎలా తెలుసో. నేనే ఎప్పుడో మందు ఎక్కుతున్న మత్తులో వాగి ఉంటాను.

మార్చి 9, శనివారం

డోయల్ కొట్టుకు వెళ్ళాం. మా చిన్నాన్న కొడుకు. దాణా, గేలాలు, తూటాలు అన్నీ ఒకే కప్పు కింద అమ్ముతాడు. ఆర్లిస్ ఆవులకు ఉప్పు దిమ్మలు కావాలంటూ వెంట వచ్చి, ఉప్పు దిమ్మల దగ్గర అక్కర్లేనంత సేపు నిలబడ్డాడు.

డోయల్ బల్ల మీద పెట్టెలు పరిచాడు. పొడుగు తూటా, పొట్టి తూటా, సీసం గుండ్లవి, టంగ్‌స్టన్ గుండ్లవి. ఈ టంగ్‌స్టన్ అనేది సీసం కంటే చాలా బరువట. అందుకని ఆవగింజంత గుండు కూడా దూరం పోయి పుంజు మెడలో దిగుతుందట. ఖరీదు విని పెట్టె మెల్లగా బల్ల మీద పెట్టేశాను, కింద పడితే అదీ నా నెత్తిన పడుతుందని.

ఆ గుండ్లతో అయితే చిన్న తుపాకి చాలన్నాడు డోయల్. వాళ్ళమ్మాయి ఫోర్‌టెన్ అరువిస్తానన్నాడు.

"ఉడతల్ని కొట్టే తుపాకి రా అది. పిల్లలకిచ్చేది," అన్నాను.

"అక్కా, పుంజుకి తెలీదుగా నువ్వు దేంతో కొట్టావో."

నాకు తెలుస్తుంది కదా. వద్దన్నాను. పన్నెండు బోరుకే అన్నిటికంటే మెత్తటిది ఏదో చూసివ్వమన్నాను. ఏ గొట్టానికి ఏ తూటా నచ్చుతుందో కాల్చి చూస్తే గాని తెలియదు గనక నాలుగైదు రకాలు పెట్టాడు. అట్టముక్క మీద పుంజు తల గీసి, నలభై గజాల నుంచి కాల్చి, తలలో మెడలో ఎన్ని గుండ్లు దిగాయో చూసుకోవాలి. ఆ మాట నాకు డోయల్ చెప్పక్కర్లేదు. ఆర్లిస్ మాత్రం దగ్గరికి వచ్చి విన్నాడు. మా ఆయన వేటగాడు కాదు. ఆవులు, వెల్డింగు, అంతే. మనిషి పుట్టాక కదలకుండా కూర్చున్నది పెళ్ళిఫొటోలో ఒక్కసారే.

మార్చి 12

ఆర్లిస్ ఊళ్ళోకి వెళ్ళాక వెనక పచ్చిక బయల్లోకి తుపాకి తీసుకెళ్ళాను. గాలి ఎక్కువగా ఉంది. కాల్చలేదు.

మార్చి 13

ఈ రోజూ గాలే.

మార్చి 15

గాలి లేదు. ఆకు కదలలేదు. అట్ట కట్టాను, తూటా పెట్టాను, భుజానికి ఆనించాను, వేలు పెట్టాను. ఆ తర్వాత తూటా తీసేసి ఇంటికొచ్చి బీన్స్ పొయ్యి మీద పెట్టాను.

వెలుతురు సరిగ్గా లేదు.

మార్చి 20, బుధవారం

చర్చి భోజనాల దగ్గర పక్క పొలం ఆవిడ నా పళ్ళెంలో ఇంకో రొట్టె ముక్క వేస్తూ, మధ్యాహ్నాలు మీ వైపు నుంచి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి, బాగా సాధన చేస్తున్నట్టున్నావ్ అంది. ఔనన్నాను. చర్చిలో అబద్ధం. ఆ వేళకి నేను బస్సు నిండా పిల్లలతో కొండ దిగుతుంటాను. ఆర్లిస్ నేల తవ్వే ఎలుకల్ని కాలుస్తున్నాడేమో. గడ్డి బయలంతా గుంతలు చేస్తున్నాయని పోయిన నెల తిట్టుకున్నాడు.

మార్చి 23, శనివారం

పొద్దున్న ఆర్లిస్ కాఫీ పోసుకుంటుంటే వెనక నుంచి వెళ్ళి భుజం మీద తల ఆనించాను. ఎన్నాళ్ళయిందో అలా చేసి. ఏమీ ఆలోచించకుండా చేశాను, ఆలోచిస్తే చేసేదాన్ని కాదు. ఒళ్ళు బిగుసుకుపోయింది మనిషికి. పక్కకు జరిగాడు. కాఫీ చల్లారిపోతుందన్నాడు.

అప్పుడే పోసిన కాఫీ.

సరే. అర్థమైంది.

మార్చి 24

రాసుకుంటే తేలికవుతుందంటారు. అయితే రాస్తాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆర్లిస్ ఎదుట చొక్కా విప్పలేదు. స్నానాల గది గడియ పెట్టుకుంటున్నాను. కట్లు నేనే మార్చుకున్నాను, ట్రూడీ నేర్పింది. ఆయన చూపించమని అడగలేదు. నేను చూపించలేదు. అడగనందుకు కోపం వచ్చింది. అడిగి ఉంటే ఇంకా వచ్చేది. ఇందులో న్యాయం ఏమీ లేదు, తెలుసు.

ఇప్పుడు ముట్టుకుంటే పక్కకు జరుగుతున్నాడు. అన్నం తింటున్నప్పుడు కూడా కుడి చెయ్యి కిందే పెట్టుకుని ఎడమ చేత్తో తింటున్నాడు, ఆ చెయ్యి పొరపాటున నాకు తగులుతుందేమో అన్నట్టు. మంచి మనిషి. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అందుకే ఏడుపొస్తోంది.

మార్చి 27

గురక గోడల్లోంచి కూడా వినిపిస్తోంది.

మార్చి 29

డోయల్ ఫోన్ చేశాడు. ఏ తూటా నచ్చింది అక్కా అన్నాడు. ఇంకా చూస్తున్నానన్నాను. ఆ గాలి లేని రోజు తర్వాత పెట్టెలు తీసి చూసుకోలేదు కూడా. సామాన్ల గదిలో ఎక్కడ పెట్టానో అక్కడే ఉండి ఉంటాయి. ఈ ఏడు వెళ్ళకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. పుంజులు సంతోషిస్తాయి.

ఏప్రిల్ 2, మంగళవారం

కుదురుగా రాయాలి.

పొద్దుటి నుంచి వాన. వాగు వంతెన మీదికి నీళ్ళొచ్చాయని బడి సగంలోనే వదిలేశారు. పిల్లల్ని ముందే దింపేసి నేనూ ముందే ఇంటికొచ్చాను. కొట్టంలో దీపం వెలుగుతోంది. ఆవు ఈనుతోందేమో, సాయం పడదామని వెళ్ళాను. అప్పటికే ఈనింది. దూడ లేవడానికి కాళ్ళు వెతుక్కుంటోంది. ఆర్లిస్ చొక్కా విప్పి కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు. వీపు నా వైపు ఉంది. నా అడుగుల చప్పుడు విని తిరిగాడు.

కుడి భుజమంతా నీలం. కాలర్ ఎముక నుంచి చంక దాకా. నడుమ నల్లగా, అంచులు పచ్చగా, పసుపుగా. పాత దెబ్బ మీద కొత్త దెబ్బ, దాని మీద ఇంకొకటి.

చటుక్కున చొక్కా అందుకున్నాడు. ఆవు తన్నిందన్నాడు.

ఆవు డెక్క గుర్తు నాకు తెలుసు. ఇదీ తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళప్పుడు నాన్న తుపాకి వదులుగా పట్టుకుని కాల్చి, వారం రోజులు అమ్మకు కనపడకుండా దాచుకున్న గుర్తు ఇదే. నిలువుగా, పొడుగ్గా, కింద కొంచెం గుండ్రంగా. తుపాకి మడమ అచ్చు.

"ఎన్ని కాల్చావు?" అన్నాను.

వంగి దూడను కాళ్ళ మీద నిలబెట్టాడు.

"డోయల్ ఇచ్చినవన్నీ. మళ్ళీ వెళ్ళి ఇంకొన్ని తెచ్చా."

బల్ల మీద కూర్చుని, గొట్టం దిమ్మ మీద పెట్టి కాల్చాడట. అలా కూర్చుని కాలిస్తే నిలబడి కాల్చినదానికి రెట్టింపు తన్నుతుంది. వేటగాళ్ళయితే భుజానికి ఇసుక సంచి అడ్డం పెట్టుకుంటారు. ఈ మహానుభావుడికి ఆ సంగతి తెలియదు. రోజూ మధ్యాహ్నం నేను బస్సెక్కగానే వెళ్ళి, ఏది తక్కువ తన్నుతుందో, ఏది పుంజు తలలో దిగుతుందో చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకని అడిగాను. అడగక్కర్లేదు, అయినా నోటంట వినాలనిపించింది.

"నువ్వెలాగూ వెళ్తావు. నేనాపితే ఆగేదానివా," అన్నాడు. "అది నీకు ఆ చోటే తగుల్తుందిగా. ముందు నాకు తగలనీ అనుకున్నా."

అప్పుడే కొట్టంలో కూర్చుని ఏడ్చాను. తడి గడ్డిలో. ఆయన పక్కన కూర్చున్నాడు, ఎడమ భుజం నా వైపు ఉండేలా చూసుకుని. ఆ రోజు కాఫీ దగ్గర పక్కకు జరిగింది ఎందుకో అప్పుడు తలకెక్కింది. ఇన్నాళ్ళు నా గురించే అనుకున్నాను. ఆయన నొప్పి దాచుకున్నాడు, నేను మచ్చ దాచుకున్నాను, ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉప్పు అందించుకున్నాం.

ఏ తూటా మెత్తటిదో తేలిందా అన్నాను.

"ఒక్కటీ కాదు. మీ నాన్న తుపాకి గాడిద. డోయల్ చెప్పిన పిల్లల తుపాకి తెచ్చుకో."

ఏప్రిల్ 6, శనివారం

ఫోర్‌టెన్ తెచ్చుకున్నాం. డోయల్ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. ముఖమంతా నవ్వు పెట్టుకుని నోరు మూసుకున్నాడు.

ఆర్లిస్ గీసిన అట్టలు చూశాను. పుంజు తలలట. ఒకటి మేజోడులా ఉంది, ఒకటి మా పాస్టరుగారిలా ఉంది. వాటినే కట్టి, టంగ్‌స్టన్ తూటా పెట్టి, నిలబడి కాల్చాను. గాలి ఉంది. వెలుతురు కూడా అంతంతే. అయినా కాల్చాను.

తన్నలేదు. మెల్లగా నెట్టింది. అయినా మచ్చ అంచు దగ్గర చురుక్కుమంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాస్టరుగారి మెడ నిండా గుండ్లు దిగాయి. నలభై గజాలకు కొంచెం పలచబడుతున్నాయి. ముప్ఫై దాకా రానిస్తాను. రానివ్వడం నాకు చేతవును.

ఇంకొకటి కాల్చి ఆపేశాను. నడుమ ఏదైనా మెత్తగా అడ్డం ఉంటే నాలుగు కూడా కాల్చగలను. కొట్టులో దొరికే మెత్తలు మగవాళ్ళ భుజాలకు కుట్టినవి, నాకు కావలసిన చోటికి రావు. ఆర్లిస్ నన్ను చూసి, తుపాకిని చూసి, వెల్డింగు కొట్టంలోకి వెళ్ళాడు.

ఏప్రిల్ 10

కుట్టుగదిలో నా కత్తెర లేదు. లావు దారం లేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

సామాను సర్దుకున్నాను. ఆకుల రంగు చొక్కా, ముఖానికి వల, చేతి తొడుగులు, కూర్చోవడానికి చాప దిండు. నాన్న చెక్కపెట్టె. దాని మూత రుద్దితే పెట్ట కూత పలుకుతుంది. సుద్ద రాసి ఒకసారి పలికించి చూశాను. ఇంటి వెనక పెంపుడు కోళ్ళు తలలెత్తాయి.

తనూ వస్తానన్నాడు ఆర్లిస్. తుపాకి లేకుండా, ఊరికే. ప్రసంగం జరుగుతుంటేనే ముప్ఫైసార్లు కాళ్ళు మార్చే మనిషివి, చెట్టు కింద ఎలా కూర్చుంటావన్నాను. కూర్చుంటానన్నాడు. డోయల్ దగ్గర ఆకుల బట్టలు అరువు తెచ్చుకుని ముందే కారులో దాచాడట.

భోజనాలయ్యాక జేబులోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. మెత్త. పాత ట్రాక్టరు సీటులో స్పాంజి కోసి, లోపల ఉన్ని పెట్టి, ఆవు తోలు కుట్టే సూదితో చుట్టూ కుట్టాడు. భుజం మీదుగా, చంక కిందుగా కట్టుకోవడానికి రెండు పట్టీలు. ఎక్కడ ఎత్తు ఉండాలో, ఎక్కడ పల్లం ఉండాలో, కొలత లేకుండా, చూడకుండా ఎలా కనుక్కున్నాడో తెలియదు.

పై గుడ్డ ఎరుపు. మండుతున్న ఎరుపు. మేం కొత్తగా తిరిగే రోజుల్లో ఆయన వేసుకున్న చొక్కా గుడ్డ అది. నేను దాచుకున్న చొక్కా.

నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను. పాపం బిత్తరపోయాడు.

"జింకల వేటకి అందరూ మెరిసే రంగు వేసుకుంటారుగా. ఎవడూ మీద కాల్చకుండా," అన్నాడు.

అది నవంబరు సంగతి. జింకకు ఆ రంగు తెలియదు, మనిషికి తెలుస్తుంది, అందుకని వేసుకుంటారు. టర్కీ పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం. వసంతంలో ఆ మూడు రంగుల్లో ఏ ఒక్కటి పొదల్లో కదిలినా పుంజనుకుని కాల్చేవాడు ఉంటాడు. మా వైపు ఎరుపు రుమాలు కూడా జేబులో పెట్టుకోరు. భార్య గుండె మీద ఎరుపు కట్టి అడవికి పంపుతానన్న మొగుడు ఈ జిల్లాలో ఈయనొక్కడే.

చెప్పాను. ముఖం మాడిపోయింది. విప్పి వేరే గుడ్డ వేస్తానని సూది కోసం లేచాడు. చెయ్యి పట్టుకున్నాను.

చొక్కా లోపల కట్టుకుంటానన్నాను. లోపలైతే ఎవరికీ కనపడదు.

ఆ పట్టీలు నాకు వెనక నుంచి అందవు. ఎవరో ఒకరు కట్టాలి.

ఏప్రిల్ 15, సోమవారం

తెల్లవారకముందే లేచాం. వంటగదిలో ఆర్లిస్ కాఫీ పెట్టి ఉంచాడు. నేను చొక్కా విప్పాను. దీపం ఆర్పమనలేదు. ఆర్పమనాలని నాలుక చివరి దాకా వచ్చింది.

చూశాడు. చూపు పక్కకు తిప్పుకోలేదు. నేనే ఆయన ముఖం చూడలేక కాఫీ కుండను చూశాను.

"ఇంకా పెద్దదనుకున్నా," అన్నాడు.

ఏడాదిగా నేను ఊహించుకున్న మాటల్లో ఆ మాట లేదు. పశువులు కాసే చేతులు, గరుకు చేతులు. మచ్చ చివర నుంచి చివర దాకా ఒక వేలుతో తడిమాడు. నొప్పి పుడుతోందా అన్నాడు. లేదన్నాను. నిజంగానే లేదు. తర్వాత మెత్త పెట్టి పట్టీలు కట్టాడు, జీను బిగించినంత శ్రద్ధగా, కింద వేలు దూర్చి వదులు చూసుకుంటూ. ఆ ఖాళీలో సరిగ్గా కూర్చుంది.

తనూ బట్టలు మార్చుకోవడానికి చొక్కా విప్పాడు. భుజం ఇంకా సగం నీలమే. నా ఎర్ర మచ్చ, ఎర్ర మెత్త, ఆయన నీలం భుజం, ఇద్దరి తెల్ల తోళ్ళు. ఇలాగే వెళ్ళామంటే తెల్లారేలోపు ఎవడో ఒకడు మనిద్దర్నీ కాల్చేస్తాడన్నాను. నవ్వాడు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని.

కొండ మీద నాన్న ఓక్ చెట్టుకు వీపులు ఆనించి కూర్చున్నాం. చీకట్లో గుడ్లగూబ కూసింది, లోయ అవతల పుంజు బదులిచ్చింది. నా గుండె పదకొండేళ్ళ పిల్ల గుండెలా కొట్టుకుంది. వెలుతురు వచ్చాక చెక్కపెట్టె మెల్లగా పలికించాను. పుంజు ఒకసారి అరిచింది, తర్వాత మాట లేదు. పెట్టలు దాన్ని అవతలి వాలుకు తోలుకుపోయి ఉంటాయి. పొద్దెక్కింది. గొంతు మార్చి పిలిచాను. బతిమాలాను. ఏమీ లేదు. ఇక ఇంతేనేమో అనుకున్నాను. వచ్చాను, కూర్చున్నాను, అదే చాలు అనుకుందామని చూశాను. చాలలేదు.

అప్పుడు పక్కన ఆర్లిస్ గురక పెట్టాడు.

ముఖం మీద వల, నోరు తెరుచుకుని, మంచి నిద్ర. గాడిద ఓండ్ర పెట్టినట్టు ఒక్క గురక. లోయలోంచి పుంజు ఘొల్లున బదులిచ్చింది. వసంతంలో పుంజు రోషం అంత పని చేస్తుంది. ఉరిమినా, కారు తలుపు వేసినా ఊరుకోలేక అరుస్తుంది. కానీ మా ఆయన గురకకు అరుస్తుందని ఎవరూ చెప్పలేదు. మోచేత్తో పొడిచి లేపబోయి ఆగిపోయాను. ఇంకో గురక. ఇంకో అరుపు, ఈసారి దగ్గరగా. నేను మధ్యలో పెట్ట కూత సన్నగా కలిపాను. ఇలా మేమిద్దరం కలిసి దాన్ని కొండెక్కించాం. ఒకరికి ఆ సంగతే తెలియదు.

పూసిన డాగ్‌వుడ్ చెట్టు వెనక నుంచి వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాస్తూ. తల ఎరుపు, తెలుపు, నీలం. నలభై గజాలు. ఆగాను. ఆర్లిస్ గురక పెట్టాడు. అది మెడ చాచింది, ఇంకా నడిచింది. ముప్ఫై. మడమ మెత్త మీద ఆనింది. చురుక్కుమంటుందని కాచుకోలేదు, ఆ ఆలోచనే రాలేదు.

పడింది.

ఆర్లిస్ ఎగిరి లేచి, "ఏమైంది, తగిలిందా, నీకేమైనా తగిలిందా?" అన్నాడు. పుంజు వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"ఏమీ తగల్లేదు," అన్నాను. "నెట్టింది, అంతే."

సాయంత్రం ముక్కలు వేయించాను. ఏ ముక్క కావాలని అడిగితే కాలు చాలన్నాడు, ప్రతిసారీ రొమ్ము ముక్క కోసం పోట్లాడే మనిషి. ఆ మాట నా ఎదుట అనలేక. రొమ్ము ముక్క తీసి నేనే ఆయన పళ్ళెంలో వేశాను. నాకు ఒకటి చాలన్నాను. ఒక్క క్షణం భయపడి, తర్వాత కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు.

ఏప్రిల్ 16, మంగళవారం

కుట్టుగది మంచం మీద దుప్పటి, దిండు తీసేశాను. ఇది మా గదిలో కూర్చుని రాస్తున్నాను. పక్కన గురక పెడుతున్నాడు.

పెట్టనీ.